కుడివైపు కావలి

పెండ్లిపందిరి చూడవచ్చినవారు మామిడి తోరణములను మెచ్చుకొందురు. అరటి కంబములను మెచ్చుకొందురు. ఆ పందిరిని మోయుచు నిలిచిన రాటలను తలచుకొనువారు అరుదు. రాట ఒకటి ఒరిగిననాడు మాత్రము అందఱి చూపును దానిమీదనే పడును. ఫుట్‌బాల్ ఆటయందును ఇట్లే జరుగుచుండును. గోలు కొట్టినవారిని జనులు భుజములపై నెత్తుకొని ఊరేగింతురు. గోలు పడకుండ కాచినవారి పేరు మఱునాటి పత్రికలో కానరాకపోవచ్చును. కాచుటలో ఒక్కమాఱు పొరపడినచో ఆ పేరు అందఱి నోళ్లను నానును.

ఫుట్‌బాల్ ఆటలో జట్టునకు పదునొకండుగురు ఆటగాండ్రు. జట్టు కాపాడుకొనవలసిన గోలు ద్వారము 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గలది. దాని ముంగిట ఒక గోల్‌కీపరు నిలుచును. గోల్‌కీపరునకు ముందు అడ్డుగోడవలె నిలుచువారిని రక్షకులందురు. వారిలో కుడి అంచునను ఎడమ అంచునను కావలి కాయువారికి ఫుల్‌బ్యాకులని పేరు. ఎదుటిజట్టువారు దూసికొని వచ్చునపుడు అడ్డుకొనుట వీరి మొదటి పని. అవకాశము చిక్కినపుడు బంతితో మైదానము పొడవునను పరుగెత్తి, ముందువరుసవారికి అందించుట రెండవ పని. అందించిన మఱుక్షణమే వెనుకకు మఱల వచ్చి తమ చోట నిలువవలెను. రాకపోకల శ్రమ అంతయు వీరిది. గోలు కొట్టిన కీర్తి తఱచుగా ఇతరులది.

ఇట్టి కావలి పనియందే జీవితమును గడపి, 2020వ సంవత్సరమున ప్రపంచమునందలి స్త్రీ క్రీడాకారులలో ఉత్తమురాలని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యచే ఎన్నిక పొందిన వనిత లూసీ బ్రాంజ్. అంతకుముందు ఆ బిరుదును రక్షకురాలెవ్వరును పొంది యుండలేదు. ఇంగ్లండు దేశీయురాలెవ్వరును పొంది యుండలేదు.

లూసీ 1991వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన ఇంగ్లండు ఉత్తరపు కొసనున్న బెరిక్ అపాన్ ట్వీడ్ పట్టణమున జన్మించెను. స్కాట్లండు సరిహద్దు ఆ పట్టణమునకు మిక్కిలి చేరువ. తండ్రి పోర్చుగీసు దేశస్థుడు; తల్లి ఆంగ్ల వనిత. తల్లి పుట్టినింటి పేరు టఫ్. ఆంగ్ల భాషలో ఆ మాటకు గట్టిది, లొంగనిది అని అర్థము. బ్రాంజ్ అనగా కంచు. లూసియా రాబర్టా టఫ్ బ్రాంజ్ అని బిడ్డకు నామకరణము చేసిరి. పేరును బట్టి ఎవ్వరికిని గుణము రాదు. ఆ పేరును సార్థకము చేసికొనుటకు ఆమెకు ముప్పది యేండ్లకు పైగా పట్టెను.

బాల్యమున కొంతకాలము ఆ కుటుంబము లిండిస్ఫార్న్ అను చిన్న దీవిలో నివసించెను. ఆ దీవికి పోవు బాట సముద్రపు పోటు వచ్చినపుడు నీట మునుగును. ఆటు వచ్చినపుడు మఱల తేలును. దినమునకు రెండు మాఱులు దీవికిని లోకమునకును సంబంధము తెగిపోవుచుండును. అట్టి యేకాంతమున పెరిగిన ఆ బాలిక మితభాషిణి. కొత్తవారి యెదుట నోరు మెదపుటకు జంకెడిది. కాని అన్నతో కలిసి బంతి తన్నునపుడు ఆ జంకు ఎక్కడకో పోయెడిది. మాటలతో చేయలేని స్నేహమును ఆమె కాలితో చేసెను.

తరువాత వారు ఆన్విక్ అను పట్టణమున స్థిరపడిరి. అచటి బాలుర జట్టులో లూసీ చేరెను. జట్టులో ఆడపిల్ల యున్నదని తొలుత నవ్వినవారు ఆమె ఆట చూచిన పిమ్మట నవ్వుట మానిరి. ఇంతలో పండ్రెండేండ్ల ప్రాయము వచ్చెను. ఆ వయస్సు దాటిన బాలికలు బాలురతో కలిసి పోటీలలో ఆడరాదని ఆనాటి ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘపు నియమము. నిన్నటివరకు భుజము భుజము కలిపి ఆడిన చెలికాండ్రు మైదానమున నుండగా, ఏ తప్పును చేయని బాలిక గట్టున నిలువవలసి వచ్చెను.

ఈ నియమము వెనుక ఒక పాత కథ కలదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున పురుషులు సేనలలో చేరగా, కర్మాగారములలో పనికి కుదిరిన స్త్రీలు ఫుట్‌బాల్ జట్లను ఏర్పఱచుకొనిరి. 1920వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్ నగరమున జరిగిన ఒక స్త్రీల ఆటను చూచుటకు దాదాపు 53,000 మంది వచ్చిరి. మఱుసటి యేడే, 1921 డిసెంబరులో, ఈ ఆట స్త్రీలకు తగినది కాదని ఫుట్‌బాల్ సంఘము తీర్మానించి, తన పరిధిలోని మైదానములలో స్త్రీలు ఆడకుండ నిషేధించెను. ఆ నిషేధము సుమారు ఏబది సంవత్సరములు సాగి 1971లో తొలగెను. చెట్టును నఱికివేయుట ఒక దినపు పని. అది మఱల చిగిర్చి నీడనిచ్చుటకు ఒక తరము పట్టును. లూసీ ఆడ మొదలుపెట్టునప్పటికి బాలికల జట్లు లేకపోలేదు. కాని అవి అచ్చటొకటి, అచ్చటొకటిగా ఉండెను.

బాలుర జట్టు తలుపు మూసికొనగా లూసీ ఇంట కూర్చుండలేదు. దూరపు ఊళ్ల బాలికల జట్లను వెదకికొనిపోయెను. కుటుంబమువారు ఆమెకు తోడు నిలిచిరి. సండర్‌లాండ్ నగరపు జట్టులో చేరి, చిన్నవారి జట్టునకు నాయకురాలై, పిదప పెద్దల జట్టున చోటు సంపాదించెను. 2009లో ఆ జట్టు ఇంగ్లండు స్త్రీల కప్పు పోటీలో తుదియాటకు చేరెను. ఎదుట నిలిచినది ఆనాటి మేటి జట్టయిన ఆర్సెనల్. సండర్‌లాండ్ 2–1 గోళ్లతో ఓడెను. ఐనను ఆనాటి ఆటలో ఉత్తమ క్రీడాకారిణి అను గౌరవము ఓడిన జట్టులోని పదునేడేండ్ల లూసీకి లభించెను.

అదే సంవత్సరము ఆమె విద్యార్థి వేతనము పొంది అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమున చేరెను. స్త్రీల ఫుట్‌బాల్‌నకు ఆ విద్యాలయము పెట్టినది పేరు. ప్రఖ్యాత క్రీడాకారిణి మియా హామ్ అక్కడనే చదివెను. ఆన్సన్ డోరెన్స్ అను శిక్షకుని కడ లూసీ శిక్షణ పొంది, ఆ యేటి అమెరికా విశ్వవిద్యాలయముల పోటీలో విజయము సాధించిన జట్టులో ఉండెను. ఒక సంవత్సరము పిమ్మట స్వదేశమునకు మఱలి, లీడ్స్ నగరమున క్రీడాశాస్త్రమును అభ్యసించుచు, లివర్‌పూల్ నగరమునందలి ఎవర్టన్ జట్టులో ఆడసాగెను.

ఆ దినములు కష్టదినములు. నాడు ఇంగ్లండులో స్త్రీలకు ఫుట్‌బాల్ వలన కడుపు నిండెడిది కాదు. పగలు చదువు, సాయంకాలము సాధన, మిగిలిన వేళ పిజ్జా దుకాణమున కొలువు. ఇట్లు ఆమె రోజులు గడచెను. దీనికి తోడు మోకాలు దెబ్బతినెను. శస్త్రచికిత్స జరిగెను. అది చాలక మఱల మఱల శస్త్రచికిత్సలు అవసరమయ్యెను. పరుగే ప్రాణమైన ఆటలో మోకాలు పోయిన ఫుల్‌బ్యాకు, చక్రము విఱిగిన బండి వంటిది. నెలల తరబడి ఆటకు దూరమై, మఱల నడక నేర్చి, పరుగు నేర్చి, ఆమె మైదానమునకు వచ్చెను. ఈ విధముగా మొదటినుండి మొదలుపెట్టుట ఆమె జీవితమున ఒక్కసారితో తీరలేదు.

2012లో లివర్‌పూల్ జట్టున చేరుటతో దశ తిరిగెను. 2013, 2014 సంవత్సరములలో వరుసగా ఆ జట్టు ఇంగ్లండు స్త్రీల లీగు పోటీని గెలిచెను. తోడి క్రీడాకారిణులే ఓటు వేసి ఎన్నుకొను ఉత్తమ క్రీడాకారిణి బహుమానము 2014లో ఆమెకు వచ్చెను. పిమ్మట మాంచెస్టర్ సిటీ జట్టునకు మాఱి అచ్చటను విజయములలో పాలుపంచుకొనెను.

2013 జూన్ మాసమున జపానుతో జరిగిన ఆటలో లూసీ తొలిసారిగా ఇంగ్లండు దేశపు చొక్కా తొడిగెను. రెండేండ్లకు కెనడాలో ప్రపంచకప్పు పోటీలు జరిగెను. నార్వేతో ఆట 1–1గా నుండగా, కుడి అంచునుండి ముందునకు సాగిన లూసీ దూరమునుండి బలముగా తన్నిన బంతి గోలులో పడెను. అదియే గెలుపు గోలు. తరువాతి ఆటలో, సొంతగడ్డపై ఆడుచున్న కెనడామీద తలతో మఱియొక గోలు కొట్టెను. ఇంగ్లండు ఆ పోటీలలో మూడవ స్థానమును పొందెను. రక్షకురాలు గోలు కొట్టుట గొప్ప కాదు. కొట్టి వచ్చి వెంటనే తన కావలిచోట నిలుచుట గొప్ప. ఈ రెండును ఆమెకు చేతనగునని లోకమునకు తెలిసెను.

2017లో ఆమె ఫ్రాన్సు దేశమునకు పోయి లియోన్ జట్టున చేరెను. స్వదేశమున పేరు, బాస, బంధువులు ఉండగా పరదేశమున మఱల క్రొత్తగా మొదలుపెట్టుట యెందుకని కొందఱికి తోచవచ్చును. లియోన్ ఆనాడు ఐరోపాలోని జట్లలో మిన్న. అచటి పదునొకండుగురిలో చోటు దొరకుటే దుర్లభము. సులభముగా గెలుచు చోటకంటె తనకంటె మేటియైనవారితో దినదినము తలపడు చోటే నేర్చుకొనుటకు తగినదని ఆమె యెంచెను. 2018, 2019, 2020 సంవత్సరములలో వరుసగా మూడు మాఱులు లియోన్ జట్టు ఐరోపా ఛాంపియన్స్ లీగు కప్పును గెలిచెను. 2018లో సెమీఫైనలున ఎదురైనది తన పాత జట్టు మాంచెస్టర్ సిటీయే. రెండు ఆటలలోను పడిన గోలు ఒక్కటే. గాలిలోని బంతిని నేల తాకనీయక తన్ని ఆ గోలు చేసినది లూసీయే.

2019 ప్రపంచకప్పు పోటీలలో ఆమె ఉత్తమ క్రీడాకారిణులలో రెండవదిగా వెండి బంతిని పొందెను. ఆ యేడే ఐరోపా ఉత్తమ క్రీడాకారిణి బిరుదును, మఱుసటి యేడు ప్రపంచ బిరుదును వరించినవి. 2022 జూలై 31వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానమున, 87,192 మంది ప్రేక్షకుల సమక్షమున, ఇంగ్లండు స్త్రీలు జర్మనీని 2–1 గోళ్లతో ఓడించి ఐరోపా విజేతలైరి. స్త్రీలకు తగని ఆటయని తీర్మానము చేసిన దేశమున, నూఱేండ్లు దాటిన పిమ్మట, ఆ ఆట చూచుటకు అంతటి జనసమూహము గుమిగూడెను.

జయములు మాత్రమే చెప్పిన జీవితకథ సగము కథ. 2023 ఆగస్టు 20వ తేదీన సిడ్నీ నగరమున ప్రపంచకప్పు తుదియాట జరిగెను. ఎదుట స్పెయిను. అప్పటికి లూసీ స్పెయిను దేశపు బార్సిలోనా జట్టులో ఆడుచుండెను గావున ఎదుట నిలిచినవారిలో పలువురు ఆమె జట్టు చెలులే. ఆట 29వ నిమిషమున ఆమె తన చోటు విడిచి బంతితో మైదానము నడుమకు చొచ్చుకొనిపోయెను. ప్రత్యర్థులు చుట్టుముట్టి బంతిని లాగికొనిరి. ఆమె విడిచివచ్చిన కుడి అంచు బోసిగా నుండెను. ఆ త్రోవనే స్పెయిను నాయకురాలు ఓల్గా కార్మోనా ముందునకు వచ్చి గోలు కొట్టెను. ఆ ఒక్క గోలుతో ప్రపంచకప్పు చేజారెను.

పది సంవత్సరములు కాచినవి ఒక యెత్తు, ఒక్క నిమిషము జాఱవిడిచినది ఒక యెత్తు. రక్షకుల బ్రతుకింతే. ఆ రాత్రి ఆమె పడిన వేదన సామాన్యము కాదు. ఐనను ఆమె ఆట మానలేదు. బార్సిలోనా జట్టుతో 2023, 2024 సంవత్సరములలో ఛాంపియన్స్ లీగు కప్పును గెలిచి, మొత్తము అయిదు మాఱులు ఆ కప్పునందుకొనెను. 2024లో స్వదేశమునకు వచ్చి చెల్సీ జట్టున చేరెను. మఱుసటి యేడు ఏప్రిలులో ఆమె తలతో కొట్టిన గోలే చెల్సీకి లీగు విజయమును ఖాయపఱచెను.

2025 మార్చిలో ఆమె తన జీవితమునందలి ఒక విషయమును బహిరంగముగా చెప్పెను. తనకు ఆటిజమును, ఏకాగ్రతకు సంబంధించిన ఏడీహెచ్‌డీ యను లక్షణమును ఉన్నవని 2021లో వైద్యులు నిర్ణయించిరట. ఎదుటివారి కన్నులలోనికి చూచి మాటలాడుటకు, క్రొత్తవారితో కలియుటకు చిన్ననాటినుండి తాను పడిన ఇబ్బందికి కారణము అప్పుడు తెలిసెను. ఒకే పనియందు మనస్సు విడువక లగ్నమగుట కూడ ఆ లక్షణములలోనిదే యనియు, తన ఆటకు అది తోడ్పడెననియు ఆమె వివరించెను. దీవిలో మౌనముగా పెరిగిన బాలిక, తనవంటి బాలబాలికలకు ధైర్యము కలుగుటకై నోరు విప్పెను.

ఆ జూలైలో స్విట్జర్లాండున ఐరోపా పోటీలు మఱల వచ్చెను. లూసీ వయస్సు అప్పటికి ముప్పదిమూడేండ్లు. క్వార్టర్ ఫైనలున స్వీడను జట్టు 2–0తో ముందుండెను. తొంబది నిమిషముల ఆటలో డెబ్బది తొమ్మిదవ నిమిషము నడచుచుండెను. ఇక ఆశ లేదనుకొన్న వేళ, లూసీ ముందునకు ఉఱికి తలతో బంతిని గోలులోనికి పంపెను. రెండు నిమిషములలో పిన్నవయస్కురాలైన మిషెల్ అజ్యెమాంగ్ మఱియొక గోలు కొట్టి ఆటను సమము చేసెను. అదనపు సమయమునను ఫలితము తేలలేదు. ఇక పెనాల్టీలు. పండ్రెండు గజముల దూరమునుండి ఒక్కొక్కరు బంతిని తన్నవలెను; అడ్డు గోల్‌కీపరు మాత్రమే. ఇరుజట్లవారు తన్నిన పదునాలుగింటిలో తొమ్మిది వ్యర్థమయ్యెను. అంతటి ఒత్తిడిలో ఇంగ్లండు తరఫున ఏడవదిగా వచ్చినది లూసీ. ఆమె బంతిని బలముగా గోలు నడుమకే తన్నెను. అది పడెను. స్వీడను క్రీడాకారిణి తరువాతి బంతిని గురి తప్పెను. ఇంగ్లండు గెలిచెను.

జూలై 27వ తేదీన బాసెల్ నగరమున తుదియాట. ఎదుట మఱల స్పెయినే. ఆట 1–1గా ముగిసి పెనాల్టీలకు పోయెను. అదనపు సమయమున మోకాలి దెబ్బతో లూసీ వెలుపలికి రావలసి వచ్చెను. పెనాల్టీలలో ఇంగ్లండు 3–1తో గెలిచి కప్పును నిలుపుకొనెను. సిడ్నీలో చేజాఱినదానికి బదులు బాసెల్‌లో దొరకెను. ఆట ముగిసిన పిమ్మట ఆమె చెప్పిన మాట విని అందఱును నివ్వెఱపోయిరి. పోటీలు మొదలైననాటినుండియు మోకాలికి దిగువనున్న పెద్ద యెముకలో పగులుతోనే ఆమె ఆడుచుండెను. తుదియాటలో దెబ్బతినినది రెండవ కాలు.

ఈ సంగతిని చదివిన విద్యార్థులు ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. ఆమె నొప్పిని శిక్షకురాలు ఎఱుగును. ఆమె బాధను దాచి అజ్ఞానముతో ఆడలేదు; ఫలితమెఱిగి, వయస్సు వచ్చిన వ్యక్తిగా తానే నిర్ణయించుకొనెను. పాఠశాల మైదానమున దెబ్బ తగిలినచో ఉపాధ్యాయునకు చెప్పకుండ ఆడుట ధైర్యము కాదు, తొందరపాటు. ఆమెనుండి నేర్వవలసినది విఱిగిన యెముకతో పరుగెత్తుట కాదు. తలుపు మూసినచోట ఆగక వేఱొక తలుపు తట్టుట నేర్వవలెను; ఓటమికి తన పొరపాటు కారణమైనను తలదాచుకొనక మఱునాడు సాధనకు పోవుట నేర్వవలెను.

గోలు కొట్టువారు పదిమందిలో ఒక్కరిద్దరే. కావలి కాయువారు ప్రతి యింటను, ప్రతి యూరను కలరు. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేయు తల్లి, రాత్రివేళ చెఱువుగట్టున నీటిని కనిపెట్టి యుండు కాపు, రైలుగేటు కడ పచ్చజెండాతో నిలుచు కాపరి, వీరందఱును ఆ కోవకు చెందినవారే. వారు పొరపడిననాడే లోకము వారిని చూచును. లూసీ బ్రాంజ్ కథ చదివినవారు పొరపడని దినములలో కూడ వారిని చూచుట నేర్చినచో, ఆ కథ చదివిన ఫలము దక్కినట్లే.

ప్రశ్నలు

1. ఫుట్‌బాల్ ఆటలో ఫుల్‌బ్యాకు చేయవలసిన రెండు పనులు ఏవి?
2. పండ్రెండవ యేట లూసీకి కలిగిన ఆటంకమేమి? దానిని ఆమె ఎట్లు దాటెను?
3. 1921లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము చేసిన తీర్మానమేమి? దాని ఫలితమెట్టిది?
4. సిడ్నీలో జరిగిన పొరపాటును, బాసెల్‌లో లభించిన విజయమును పోల్చి వ్రాయుము.
5. మీ యూరిలో గుర్తింపు లేకుండ కావలి కాయుచున్నవారిలో ఒకరిని గూర్చి పది వాక్యములు వ్రాయుము.